కట్టర్ బారా, స్లాషరా

హోసూరులో నేను పనిచేసిన ఫ్యాక్టరీకి అరవై ఎకరాల స్థలం ఉండేది. షెడ్లు, ఆఫీసు, క్యాంటీను, రోడ్లు అన్నీ కలిపినా ఇరవై ఎకరాలకు మించవు. మిగిలింది విస్తరణ కోసమని ఉంచారు. విస్తరణ జరగలేదు. ఆ నలభై ఎకరాల్లో గడ్డి పెరిగేది, పాములు తిరిగేవి, ఏటా ఎండలు ముదిరేసరికి ఎవరో పారేసిన బీడీకి ఒక మూల అంటుకునేది.

నాది అడ్మిన్ డిపార్టుమెంటులో అసిస్టెంటు ఉద్యోగం. బస్సులు, క్యాంటీను, తోట, మరుగుదొడ్లు, గేటు, ఇంకా ఇంజనీర్లు తమది కాదనుకున్న పనులన్నీ మా బల్ల మీదికి వచ్చేవి. తొంభైల చివర్లో ఒక సంవత్సరం గడ్డి కూడా వచ్చింది. ఆ వేసవిలో నిప్పు ఎప్పుడూ ఆగే చోట ఆగకుండా పెయింటు గోడౌను గోడ దాకా పోయింది. మా మేనేజరు మద్రాసు వైపు మనిషి, నిదానస్తుడు. నన్ను పిలిచి ఒక చిన్న ట్రాక్టరు, దాని వెనక తగిలించే గడ్డి కోసే మిషను చూడమన్నారు. మూడు కొటేషన్లు, ఒక ట్రయలు, ఒక రిపోర్టు. "నువ్వు పల్లెటూరి వాడివి కదా, నీకు తెలుస్తుంది," అన్నారు తమిళంలో. పల్లెటూరి వాళ్ళందరికీ ట్రాక్టర్లు తెలుసునని పట్నం వాళ్ళకు ఒక నమ్మకం. మాది ఉద్దనపల్లి దగ్గర. మా ఇంట్లో ఉన్నవి ఎద్దులే. అయినా తెలియదని చెప్పడం నా స్వభావం కాదు గనక సరేనన్నాను.

అప్పటిదాకా ఆ గడ్డిని కోసింది ఫ్యాక్టరీ గోడ పక్క ఊరి ఆడవాళ్ళు. పన్నెండు మంది. నెలనెలా మా డిపార్టుమెంటు ఒక చీటీ రాసిచ్చేది, అది చూపించి వెనక గేటులో లోపలికి వచ్చేవారు. కూలి మేమిచ్చేది లేదు, గడ్డికి వాళ్ళిచ్చేది లేదు. కొడవలితో కోసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని పోయేవారు. ఆ స్థలం ఒకప్పుడు ఆ ఊరి రాగి చేలే. భూములు తీసుకున్నప్పుడు మొదటి మేనేజరు ఎవరో "మీ ఆవులున్నంత కాలం గడ్డి మీదే" అన్నాడని ఊళ్ళో చెప్పుకునేవారు. కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు. నేను ఫైళ్ళన్నీ వెతికి చూశాను.

ఆ పన్నెండు మందిలో ఒకామె మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ.

నీళ్ళ ట్యాంకు అవతల ఈశాన్యం మూల ఆమె అత్తగారి వాళ్ళ మూడెకరాలు ఉండేవి. భూమి పోయిన తర్వాత చిన్నాయన మూటలు మోసే పనికి పోయి నడుము పోగొట్టుకుని ఇంటిపట్టున ఉండిపోయాడు. ఆ ఇల్లు రెండు సీమావుల మీద నడిచేది, ఆ ఆవులు మా ఫ్యాక్టరీ గడ్డి మీద బతికేవి. నేను హైస్కూలు చదివిన నాలుగేళ్ళూ ఆ ఇంట్లోనే ఉన్నాను. పొద్దున ఆవు పొదుగు కింద చెంబు పట్టుకుని కూర్చోవడం, పాలు డిపోలో పోసి బడికి పోవడం నా పని.

ఈ చుట్టరికం ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. తెలియకుండా నేనే జాగ్రత్త పడ్డాను. దానికి కారణం వంకాయ కూర. నాకంటే ముందు నుంచీ మా ఆఫీసులో ఉన్న ఒకాయన క్యాంటీనుకు కూరగాయలు తెచ్చే పని తన బామ్మర్దికి ఇప్పించాడు. కూరగాయలు బాగానే ఉండేవట. కానీ సంగతి బయటపడ్డాక క్యాంటీన్లో వంకాయ కూర వడ్డించినప్పుడల్లా ఎవరో ఒకరు "బామ్మర్ది బాగున్నాడా?" అని అడిగేవారు. నేను చేరిన కొత్తలో రెండేళ్ళు నా కళ్ళ ముందే అడిగారు. ఆయన చివరికి అన్నం ఇంటి నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టి, ఆ తర్వాత వేరే ఊరికి బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. నాకు పరువంటే ప్రాణం కంటే కొంచెం ఎక్కువ. అది మంచి గుణమనే చాలాకాలం అనుకున్నాను.

నేను చేరిన మొదటి వారంలోనే చిన్నమ్మ వెనక గేటు దగ్గర నన్ను చూసి, నెత్తిన మోపుతోనే, "ఏమిరా నాయనా, బువ్వ తింటివా?" అని గట్టిగా అడిగింది. సెక్యూరిటీ అతను ఆ పూట సెలవు కాబట్టి బతికిపోయాను. సాయంత్రం వాళ్ళింటికి పోయి, ఫ్యాక్టరీలో నన్ను పలకరించవద్దని చెప్పాను. ఆమె నవ్వింది.

"ఓ, అంతేనా? ఆడ నువ్వు ఆఫీసరు, నేను గడ్డిదాన్ని. ఈడికొస్తే మాత్రం చెవి మెలిపెడతా, చూసుకో."

ఆ మాట మీద ఆమె నిలబడింది. ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళు ఫ్యాక్టరీ లోపల నన్ను చూస్తే ఎవరో అన్నట్టు పక్కకు తప్పుకునేది. ఆ తప్పుకోవడం నాకు సుఖంగా ఉండేది.

ట్రాక్టరు సంగతికి వస్తాను. ముందు స్థలం కొలిచాను. క్యాంటీనుకూ బాయిలరు షెడ్డుకూ మధ్య సందు ఏడడుగులు. వెనక స్థలానికి పోవాలంటే ఆ సందులోంచే పోవాలి. దాని తర్వాత ఆవిరి పైపులు రోడ్డు మీదుగా అడ్డంగా పోతాయి, వాటి ఎత్తు కూడా ఏడడుగులకు కాస్త తక్కువ. పొగగొట్టం నిటారుగా నిలబడే పెద్ద ట్రాక్టరు అక్కడే ఆగిపోతుంది. గోడ వెంట సిల్వర్ ఓక్ చెట్లు తొమ్మిదడుగులకు ఒకటి. వాటి మధ్య తిరగాలి, తిరిగి బయటికి రావాలి. ఈ కొలతలు కాగితం మీద వేసుకుని కృష్ణగిరి బస్సెక్కాను.

కృష్ణగిరిలో అప్పుడు మామిడి తోటల వాళ్ళు చిన్న ట్రాక్టర్లు కొనడం మొదలుపెట్టారు. కొమ్మల కింద దూరేటట్టు పొట్టిగా, పొగగొట్టం పక్కకు తిరిగి ఉండేవి. హైవే పక్క షాపులో సేల్స్‌మన్ నన్ను చూడగానే పెద్ద ట్రాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఫ్యాక్టరీ అనగానే వాళ్ళకు కళ్ళు పెద్దవవుతాయి. నేను నా కాగితం తీశాను. దున్నడానికి కాదు, గడ్డికి మాత్రమేనని చెప్పాను. అతనికి ఉత్సాహం తగ్గింది గానీ మనిషి మంచివాడు, మూడు గంటలు ఓపికగా చెప్పాడు. ఆ మూడు గంటల్లో నేర్చుకున్నది ఇంతే. ఇంజను దగ్గర ఉన్న బలమంతా వెనక తిరిగే షాఫ్టు దాకా రాదు, కాబట్టి బలాన్ని షాఫ్టు దగ్గర అడగాలి. మిషను వెడల్పు వెనక టైర్ల బయటి అంచులకంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే టైరు తొక్కిన గడ్డి కోతకు తప్పించుకుని రెండో రోజు లేచి నిలబడుతుంది. మిషను మరీ బరువైతే మిట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, అందుకని ముందు ఇనప దిమ్మలు కట్టించుకోవాలి. ఇవన్నీ చూసుకుని పద్దెనిమిది హార్స్‌పవర్ బండి ఒకటి ఎంచాను. ట్రాక్టరు విషయంలో నా ఎంపిక తప్పు కాదు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

చిక్కంతా వెనక తగిలించేదాంతో. రెండు రకాలు ఉండేవి. ఒకటి స్లాషరు: ఇనప పెట్టె కింద రెండు కత్తులు గిర్రున తిరుగుతూ గడ్డిని కొడతాయి. రెండోది కట్టర్ బారు: పక్కకు చాపిన పొడుగాటి పట్టీ మీద పళ్ళు అటూ ఇటూ ఆడుతూ గడ్డిని మొదట్లో కోస్తాయి. ఏది మంచిదని అడిగితే సేల్స్‌మన్ రెండూ మంచివే అన్నాడు. రెండూ అమ్మేవాడు ఇంకేమంటాడు? గట్టిగా అడిగితే, వేప్పనపల్లి దగ్గర ఒక తోటాయన రెండూ వాడి చూశాడని, ఆయన్ని అడగమని దారి చెప్పాడు.

వేప్పనపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి కాలినడక. తోటాయనకు అరవై ఏళ్ళుంటాయి. చెట్ల కింద మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు. తెలుగు మాట వినగానే కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు.

"ఫ్యాక్టరీలో గడ్డేంటికప్పా పెంచుతారు?" అని అడిగాడు.

పెంచడం లేదు, అదే పెరుగుతూ ఉందన్నాను.

"కోసి ఏమి చేస్తారు, ఆ గడ్డి?"

 మంట అంటకుండా కొట్టేస్తే చాలని చెప్పాను. ఆయన నన్ను వింతగా చూసి లేచాడు. తోటలోకి తీసుకుపోయి రెండు చోట్లు చూపించాడు. ఒక చోట పోయిన వారం స్లాషరు తోలింది. గడ్డి నుగ్గు నుగ్గై, మట్టితో కలిసి, నల్లబడి కంపు కొడుతోంది. రెండో చోట కట్టర్ బారు కోసింది. గడ్డి పొడుగ్గా, వరసగా పడి ఎండుతోంది. ఇద్దరు ఆడవాళ్ళు అందులోంచి వయ్యారిభామ కలుపు మొక్కల్ని ఏరి అవతల పారేసి, మంచి గడ్డిని మోపు కడుతున్నారు.

"అందురూ ట్రాక్టరు కొనేటప్పుడు టైర్లు చూస్తారప్పా. నేను గడ్డి ఎట్ల పడిందో చూస్తాను. స్లాషరు కొట్టిందాన్ని ఆవు వాసన చూసి పక్కకి పోతాది. ఆ వయ్యారిభామ ఉండాది చూడు, పూతలో ఉన్నప్పుడు దాన్ని స్లాషరుతో కొడితివా, నువ్వే ఇత్తనం చల్లినట్టు. బారైతే చేత్తో ఏరి పారెయ్యొచ్చు."

మరి రాళ్ళ మాటేమిటని అడిగాను. బారుకు రాయి తగిలితే పళ్ళు ఊడిపోతాయని షాపులో చెప్పారు. స్లాషరుకు రాయి తగిలితే ఒక బోల్టు విరుగుతుంది, మార్చుకుంటే సరిపోతుంది.

"అందుకే నేల నడవాల," అన్నాడు. "బారు కట్టే ముందు దినము మా ఆడోళ్ళు వరసగా నిలబడి తోటంతా నడుస్తారు. రాయి ఉన్న చోట తంగేడు కొమ్మ గుచ్చుతారు. కొమ్మ కనబడితే డ్రైవరు బారు ఎత్తుకుంటాడు. అంతే, దీనికి ఇంజనీరు అక్కర్లే. కానీ నేల తెలిసినోళ్ళే నడవాల. కొత్తోళ్ళు నడిస్తే కాలు ఇరుగుతాది గానీ రాయి దొరకదు."

తిరుగు బస్సులో నా మనసు తేలిగ్గా ఉండాల్సింది. జవాబు దొరికింది. కట్టర్ బారు తక్కువ బలంతో నడుస్తుంది, గడ్డిని పాడు చెయ్యదు, కలుపును పెంచదు. కోసి పడేసిన గడ్డిని ఆ పన్నెండు మంది ఏరుకుని మోసుకుపోతే మంటకు తిండే ఉండదు. అందరికీ లాభం. సరిగ్గా అదే నన్ను భయపెట్టింది. శూలగిరి దాటేసరికి నా చెవుల్లో క్యాంటీను వినిపించసాగింది. అసిస్టెంటు సిఫార్సు చేసిన మిషను వల్ల అసిస్టెంటు చిన్నమ్మ ఆవులకు కష్టం లేకుండా మేత. ఆమె ఎవరో ఎవరికీ తెలియదు కదా అని నాకు తోచలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నేను.

అందుకని ఒక ఉపాయం చేశాను. నా అభిప్రాయం బయటపెట్టలేదు. రెండు మిషన్లనూ తెప్పించి ట్రయలు వేద్దాం, ఏది గెలిస్తే అది, అని మేనేజరుకు చెప్పాను. న్యాయంగా వినిపించింది. నేల నడిపించే సంగతి మాత్రం చెప్పలేదు. ఎందుకంటే మా నేల తెలిసినవాళ్ళు ఆ పన్నెండు మందే. వాళ్ళను అడగడమంటే చిన్నమ్మను అడగడం.

ట్రయలు రోజు షాపు వాళ్ళు ట్రాక్టరును లారీలో తెచ్చారు. గడ్డి ఎక్కువగా ఉన్న చోటు కావాలన్నారు. గడ్డి బాగా ఉన్నది నీళ్ళ ట్యాంకు అవతల మూల. అక్కడ పాత హద్దు రాయి ఒకటి ఉందని నాకు లీలగా తెలుసు, కచ్చితంగా ఎక్కడో తెలియదు. మేనేజరు టోపీ పెట్టుకుని వచ్చారు. గడ్డి కోసే ఆడవాళ్ళు పని ఆపి కొంచెం దూరంలో గుంపుగా నిలబడ్డారు. ఆ మిషను వస్తే తమ చీటీలు ఏమవుతాయోనన్న బెంగ వాళ్ళ ముఖాల్లో తెలుస్తూనే ఉంది.

ముందు కట్టర్ బారు తగిలించారు. ట్రాక్టరు మొదటి వరస కోసింది. ఎంత అందంగా కోసిందంటే మేనేజరు "పరవాలేదే" అన్నారు. గడ్డి ఒక పక్కకు ఒరిగి పడుకుంది. ఆడవాళ్ళలో ఒకామె ముందుకొచ్చి పడిన గడ్డిని చేత్తో ఎత్తి చూసి వెనక వాళ్ళతో ఏదో చెప్పింది. వాళ్ళందరి ముఖాలూ విప్పారాయి. రెండో వరస కూడా అయింది. మూడో వరసకు ట్రాక్టరు తిరిగింది.

అప్పుడు చిన్నమ్మ గుంపులోంచి ముందుకు వచ్చి చెయ్యెత్తింది. ఏదో అరుస్తోంది. ఇంజను మోతలో మాట వినపడలేదు. ట్రాక్టరు ముందున్న గడ్డి వైపు చెయ్యి చూపిస్తోంది. నాకు వెంటనే అర్థమైంది. రాయి.

నేను నిలబడ్డ చోటి నుంచి డ్రైవరు స్పష్టంగా కనిపిస్తున్నాడు. నేనొక చెయ్యెత్తితే ఆపేవాడు.

"ఆమె ఏమంటోంది?" అని మేనేజరు అడిగారు.

"ఏమో సార్. గడ్డి కోసే వాళ్ళు. మిషను వద్దని అరుస్తున్నట్టున్నారు," అన్నాను.

చిన్నమ్మ నా వైపు చూసింది. నేను ముఖం తిప్పుకుని చేతిలో ఉన్న కాగితాలు చూశాను. మళ్ళీ తలెత్తేసరికి ఆమె చెయ్యి కిందికి దిగి ఉంది. తిరిగి గుంపులోకి పోయింది. ఆ వెంటనే టంగుమని శబ్దం వచ్చింది. బారు వంగిపోయింది, పళ్ళు అయిదారు ఊడి గడ్డిలో పడ్డాయి. షాపు మనిషి తల పట్టుకుని రాయిని తిట్టాడు, ఆ తర్వాత డ్రైవరును తిట్టాడు.

మధ్యాహ్నం స్లాషరు తగిలించారు. ఆ రాయిని అందరూ చూశారు కాబట్టి దాన్ని వదిలేసి తోలారు. చిన్న రాళ్ళు రెండు మూడు తగిలాయి, ఒకసారి బోల్టు విరిగింది, అయిదు నిమిషాల్లో మార్చారు. మేనేజరు గడియారం చూసుకుని తృప్తిగా తలాడించారు. రిపోర్టు నేను ఆ సాయంత్రమే రాశాను. "ట్రయల్లో కట్టర్ బారు మన స్థలానికి నిలవలేదు." ఒక్క అబద్ధం లేదు. నా సర్వీసులో నేను రాసిన రిపోర్టుల్లో అంత నిఖార్సైనది మరొకటి లేదు.

స్లాషరు వచ్చింది. ఆయుధపూజకు నిమ్మకాయలు తొక్కించారు, నేను కొబ్బరికాయ కొట్టాను. కత్తుల కింద నుంచి రాళ్ళు ఎగిరి ఎంత దూరమైనా పడతాయి గనక మిషను తోలే స్థలంలోకి ఎవర్నీ రానివ్వకూడదని సేఫ్టీ వాళ్ళు కాగితం పంపారు. చీటీలు ఆగిపోయాయి. ఆపే ఆర్డరు మీద సంతకం మేనేజరుది, చేతిరాత నాది. ఆడవాళ్ళు నాలుగు రోజులు వెనక గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆ తర్వాత రావడం మానేశారు. పోనీ కొట్టిపడేసిన గడ్డినైనా తీసుకుపొమ్మని సెక్యూరిటీ అతను జాలిపడి ఒకరోజు లోపలికి వదిలాడట. చేత్తో తీసి చూసి, వాసన చూసి, అక్కడే వదిలేసి పోయారట.

చిన్నమ్మ నా దగ్గరికి రాలేదు. చీటీ అడగలేదు. నేను కూడా ఆ ఇంటి వైపు పోవడం తగ్గించాను. చెరువు గర్భంలో గడ్డి కోసుకొస్తోందని, ఎండాకాలంలో అది కూడా లేక మొదటి ఆవును సంతకు తోలారని మా అమ్మ చెప్పింది. తరవాతి ఏడు రెండోది కూడా పోయింది. అమ్మ నాకు ఊరి కబుర్లతో కలిపి మామూలుగానే చెప్పింది. ఆమెకు నా రిపోర్టు సంగతి తెలియదు.  ఆ రెండు వార్తలూ విన్నప్పుడు మనసులో రాయిని తలుచుకున్నాను. రాయి తగిలింది, బారు వంగింది, నేనేం చేస్తాను అనుకున్నాను. కొంతకాలం ఆ రాయి నాకు బాగా పనికొచ్చింది.

తోటాయన చెప్పిందే జరిగింది. స్లాషరు ఏడాదికి మూడు సార్లు కొట్టేది, మూడు సార్లూ వయ్యారిభామ పూతలో ఉండేది. రెండేళ్ళలో గరిక పోయింది, బోదగడ్డి పోయింది, నలభై ఎకరాలూ తెల్లటి పూలతో నిండిపోయాయి. దూరం నుంచి చూసేవాళ్ళు బాగుందనేవారు. ట్రాక్టరు టైర్లకు అంటుకుని విత్తనం ఆఫీసు ముందున్న లాన్‌లోకి కూడా వచ్చింది. డ్రైవరుకు చేతుల నిండా దద్దుర్లు లేచాయి, తోటమాలికి ఆయాసం పట్టుకుంది. మందు చల్లి చూశారు, ఒక వాన పడగానే మళ్ళీ మొలిచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు మీటింగు పెట్టారు. దాన్ని వేళ్ళతో సహా చేత్తో పీకించడం తప్ప దారి లేదని తేల్చారు. ఆ మీటింగులో మినిట్స్ నేనే రాశాను.

పీకే పనికి ఒక కాంట్రాక్టరు ఆడవాళ్ళను తెచ్చాడు. దూరం నుంచి ఎందుకు తెస్తాడు, పక్క ఊరి నుంచే తెచ్చాడు. హాజరు చూడ్డానికి నేను వెనక స్థలానికి పోయిన రోజు వరసలో చిన్నమ్మ ఉంది. చేతులకు గుడ్డపేలికలు చుట్టుకుని, మూతికి కొంగు కట్టుకుని, నీళ్ళ ట్యాంకు అవతల మూల, ఒకప్పుడు వాళ్ళు రాగి కోసిన చేలో వయ్యారిభామ పీకుతోంది. మెడ మీద, మోచేతుల మీద దద్దుర్లు. నన్ను చూసి ఎప్పటిలాగే పక్కకు తప్పుకుంది. ఆ ఒప్పందం ఆమె ఇంకా పాటిస్తూనే ఉంది. నేను తలలు లెక్కపెట్టి సంతకం పెట్టి వచ్చేశాను. 

ఆదివారం వాళ్ళింటికి పోయాను. ఏడాది పైనే అయింది ఆ గడప తొక్కి. చిన్నాయన లోపల పడుకుని ఉన్నాడు. ఆవుల కొట్టంలో కట్టెలు పేర్చి ఉన్నాయి. చిన్నమ్మ వసారాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. చెవి మెలిపెట్టలేదు గానీ, "ఏమిరా, దారి తెలిసిందా?" అని నవ్వింది. లేచి పోయి కాఫీ పెట్టుకొచ్చింది.

"పాకెట్టు పాలు నాయనా. పల్చగా ఉంటాది, తాగు."

ఆ ఇంట్లో కొన్న పాలు నేను తాగడం అదే మొదలు. గ్లాసు అందుకున్నాను. ఆమె ఊరి సంగతులు చెబుతోంది. ఎవరి పెళ్ళో, ఎవరి బోరులో నీళ్ళు పడ్డాయో. నాకు ఒక్క మాట కూడా ఎక్కడం లేదు. చివరికి మధ్యలోనే అనేశాను.

"చిన్నమ్మా, ఆ ట్రయలు దినము నువ్వు చెయ్యెత్తింది నేను చూసినాను."

ఆమె కాయ ఒలవడం ఆపలేదు.

"తెలుసులే," అంది. "నువ్వు చూసింది నేనూ చూసినాను కదా. ఉరికి పోయి బండికి అడ్డం నిలబడదామనే ముందుకొస్తిని. నాకు ఆ రాయి తెలీదా, దాని మీద కూర్చుని ఎన్ని మాట్లు సంగటి తిన్నానో. నువ్వు మొగం తిప్పుకుంటివి. అయ్యో, నేను ఎవరో నలుగురికీ తెలిసిపోతాదని పిల్లోనికి బయమైతా ఉండాది అనుకున్నాను. అందుకే చెయ్యి దించేసినాను."

ఇంకొక కాయ తీసుకుని ఒలిచింది. "తాగు, చల్లారిపోతాది," అంది.

నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆమె చూడనట్టు అటు తిరిగి, అనపకాయలు ఒలుస్తూ కూర్చుంది.